బిల్లులో ప్రతి పైసాకూ పేరుండాలి



ఈ రోజు మాట కరెంటు బిల్లు గురించి.

బిల్లు ప్రతి నెలా వస్తుంది. మీటరు చూసే అబ్బాయి వస్తాడు. మిషనులోంచి సన్నటి కాగితం చించి చేతిలో పెడతాడు. చాలా ఇళ్ళలో ఆ కాగితాన్ని ఎవరూ పూర్తిగా చదవరు. కట్టాల్సిన డబ్బు ఎంతో ఒక్క అంకె చూస్తారు. గోడ మీది దేవుడి పటం వెనక దోపుతారు. గడువు రోజున డబ్బు పట్టుకుపోయి కట్టేస్తారు.

చదువు రాని రోజుల్లో అంతే. ఏం చేస్తారు? ఇప్పుడు మీకు చదువు వచ్చింది. కూడిక వచ్చింది. తీసివేత వచ్చింది. గుణకారం వచ్చింది. ఇక ఆ కాగితాన్ని వదలకూడదు.

మొవ్వ ఇల్లాలి బిల్లు

మొవ్వలో ఒక ఇల్లాలు ఉందనుకోండి. కూలికి పోతుంది. రాత్రిపూట చదువు నేర్చుకుంది. అది 2025 జనవరి నెల. వరి కోతలు, నూర్పిళ్ళు అయిపోయాయి. పనులు తగ్గాయి. సంక్రాంతి దగ్గరపడింది. చేతిలో డబ్బు ఆడటం లేదు. అప్పుడే కరెంటు బిల్లు వచ్చింది.

ఆమె బిల్లు చూసి ఉలిక్కిపడింది.

"చలికాలం. ఫ్యాను కూడా వెయ్యలేదు. ఇంత బిల్లేంటి?" అంది.

"ధర పెంచి ఉంటారులే" అన్నాడు భర్త.

"కట్టెయ్యమ్మా. లేకపోతే ఫ్యూజు పీకుతారు" అన్నాడు కొడుకు.

అత్తగారు అరుగు మీద కూర్చుని ఉంది. ఆమె ఒక మాట అంది. "కిరసనాయిలు బుడ్డి రోజుల్లో సీసాడు నూనె తెచ్చేవాళ్ళం. సీసాడుకే డబ్బులిచ్చేవాళ్ళం. ఇప్పుడు దేనికి ఇస్తున్నామో తెలీకుండానే ఇస్తున్నాం."

ఆ మాట ఇల్లాలికి తగిలింది. పలక, బలపం తీసింది. బిల్లు ముందు పెట్టుకుని కూర్చుంది.

మొదట మీటరు చూసింది. బిల్లులో రెండు రీడింగులు ఉంటాయి. ఒకటి కిందటి నెలది. ఒకటి ఈ నెలది. ఈ నెలది 4390. కిందటి నెలది 4310. తీసేస్తే 80. అంటే నెలలో వాడింది 80 యూనిట్లు. మీటరు దగ్గరకు వెళ్ళి అంకెలు కూడా సరిచూసింది. సరిపోయింది.

తర్వాత ధర చూసింది. కరెంటు ధర అన్ని యూనిట్లకూ ఒకటి కాదు. మెట్ల లాగా ఉంటుంది. ఎక్కువ వాడితే పై మెట్టు ధర. ఆ మెట్టునే స్లాబు అంటారు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ళకు పెట్టిన ధరలు ఇలా ఉన్నాయి.

మొదటి 30 యూనిట్లకు ఒక్కోదానికి 1 రూపాయి 90 పైసలు.
31 నుంచి 75 యూనిట్ల దాకా 3 రూపాయలు.
76 నుంచి 125 యూనిట్ల దాకా 4 రూపాయల 50 పైసలు.

ఆ పైన ఇంకా ఎక్కువ. 2025 జనవరిలోనూ ఇవే ధరలు. అంటే భర్త చెప్పింది సరి కాదు. ధర పెరగలేదు.

ఇల్లాలు పలక మీద లెక్క వేసింది.

30 యూనిట్లకు 57 రూపాయలు.
తర్వాతి 45 యూనిట్లకు 135 రూపాయలు.
మిగిలిన 5 యూనిట్లకు 22 రూపాయల 50 పైసలు.
మొత్తం 214 రూపాయల 50 పైసలు.

ఇది ఆమె వాడిన కరెంటు వెల. దీని మీద ఫిక్స్‌డ్ ఛార్జీ ఉంది. అది ఒక కిలోవాట్ లోడుకు నెలకు 10 రూపాయలు. కస్టమర్ ఛార్జీ కొంత ఉంది. యూనిట్‌కు 6 పైసల చొప్పున ప్రభుత్వ పన్ను ఉంది. 80 యూనిట్లకు అది 4 రూపాయల 80 పైసలు. ఇవన్నీ చిన్నవే. ప్రతి నెలా ఉండేవే.

మరి బిల్లు ఎక్కడ పెరిగింది?

కింద ఇంకా వరసలున్నాయి. వాటిలో పొడి అక్షరాలున్నాయి. ఎఫ్.పి.పి.సి.ఎ. అని ఉంది. పక్కన పాత నెలల పేర్లున్నాయి. ఇల్లాలికి అక్షరాలు తెలిశాయి. అర్థం తెలియలేదు. కొడుకుని అడిగింది. ఇంటర్ చదివిన కొడుక్కీ తెలియలేదు.

చదువు వచ్చినవాళ్ళకు కూడా అర్థం కాని కాగితం అది. తప్పు చదివేవాళ్ళది కాదు.

ఆ పొడి అక్షరాల అర్థం

ఎఫ్.పి.పి.సి.ఎ. అంటే ఇంధన ఖర్చు, కరెంటు కొనుగోలు ఖర్చుల సర్దుబాటు. ఇంధనం అంటే బొగ్గు వంటిది. ట్రూ అప్ అనే మాట కూడా వినే ఉంటారు. అదీ సర్దుబాటే. జనం వీటన్నిటినీ కలిపి సర్‌ఛార్జీ అంటారు.

ఏమిటీ సర్దుబాటు? ఇలా అనుకోండి.

ఊళ్ళో కిరాణా కొట్టుంది. కిలో చింతపండు ఇంత అని కొట్టతను చెప్పాడు. మీరు కొన్నారు. డబ్బు ఇచ్చేశారు. చారు కాచుకున్నారు. తిన్నారు. ఏడాది తర్వాత కొట్టతను ఇంటికొచ్చాడు. "అమ్మా! నిరుడు చింతపండు నాకే ఎక్కువ పడింది. ఆ తేడా ఇప్పుడివ్వండి" అన్నాడు. మీరేమంటారు? "నీకు ఎంత పడిందో చీటీ చూపించు" అంటారు కదా!

సర్దుబాటు ఛార్జీ అలాంటిదే. ఏడాది మొదట్లో కరెంటు కంపెనీ ఒక అంచనా వేస్తుంది. ఇంత కరెంటు కావాలి, ఇంత ఖర్చవుతుంది అని లెక్క కడుతుంది. దాని మీద ధర పెడతారు. ఏడాది గడిచాక అసలు ఖర్చు తెలుస్తుంది. ఎక్కువైతే ఆ తేడాను తర్వాతి బిల్లుల్లో వేస్తారు.

ఖర్చు ఎందుకు పెరుగుతుంది? దానికి నిజమైన కారణాలు ఉన్నాయి. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో పెద్ద కరెంటు కర్మాగారం ఉంది. అది బొగ్గుతో నడుస్తుంది. బొగ్గు ఒడిశాలోని తాల్చేరు గనుల నుంచి కూడా వస్తుంది. బొగ్గు ధర పెరిగితే కరెంటు ఖర్చు పెరుగుతుంది. శ్రీశైలంలో నీటితో కరెంటు తీస్తారు. అది చౌక. కృష్ణలో నీళ్ళు తగ్గితే ఆ చౌక కరెంటు తగ్గుతుంది. 2023లో కృష్ణలో నీళ్ళు ఎంత తక్కువ వచ్చాయో కాలవ కింది రైతులకు తెలుసు. అప్పుడు కరెంటును బజారులో కొనాలి. 2022 ఎండాకాలంలో దేశమంతా కరెంటు కరువు. బజారులో యూనిట్ 12 రూపాయలు పలికింది.

కాబట్టి సర్దుబాటు అంతా మోసం అనకూడదు. కానీ చీటీ చూపించమని అడగాలి. అసలు సంగతి అదే.

ఆ చీటీ ఎవరు చూస్తారు?

మొవ్వకు కరెంటు ఇచ్చే కంపెనీని డిస్కం అంటారు. ముందు తిరుపతిలో ఆఫీసు ఉన్న దక్షిణ డిస్కం ఇచ్చేది. 2020 ఏప్రిల్ నుంచి విజయవాడలో ఆఫీసు ఉన్న మధ్య డిస్కం ఇస్తోంది. దాన్నే సి.పి.డి.సి.ఎల్. అంటారు.

డిస్కం తనకు తోచిన ధర పెట్టుకోకూడదు. పైన ఒక మండలి ఉంది. దాని పేరు ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి. ఇది 1999లో ఏర్పడింది. డిస్కం తన లెక్క ఈ మండలి ముందు పెట్టాలి. జనం అభ్యంతరాలు చెప్పవచ్చు. మండలి అవన్నీ విని ఆర్డరు ఇస్తుంది.

కరెంటు ధరలు చిన్న విషయం కాదు. 2000లో ధరలు బాగా పెంచారు. రాష్ట్రమంతా ఆందోళన జరిగింది. ఆ ఏడాది ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు ప్రాణాలు పోయాయి. 2003లో దేశానికంతా కొత్త విద్యుత్ చట్టం వచ్చింది. ధర మీద జనం మాట కూడా వినాలని ఆ చట్టం చెప్పింది.

అడగకపోతే ఆర్డరే ఆగిపోయింది

ఇప్పుడు 2021లో జరిగింది వినండి.

డిస్కంలు పాత లెక్క ఒకటి తెచ్చాయి. అది 2014 నుంచి 2019 దాకా ఐదేళ్ళ లెక్క. 7 వేల కోట్ల రూపాయలకు పైగా కావాలన్నాయి. మండలి అంత ఒప్పుకోలేదు. 3,669 కోట్లకు ఒప్పుకుంది. 2021 సెప్టెంబరు నుంచి బిల్లుల్లో వేశారు. కృష్ణా జిల్లాలో యూనిట్‌కు 1 రూపాయి 23 పైసలు పడింది.

జనం గొల్లుమన్నారు. కరోనా కష్టం ఇంకా తీరలేదు. పైగా ఎప్పుడో ఐదేళ్ళ కిందటి ఖర్చు. అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళ గోడు ఇంకొకటి. "అప్పుడు మేము ఈ ఇంట్లోనే లేము. ఎవరో వాడుకున్నదానికి మేమెందుకు కట్టాలి?" అన్నారు.

కొందరు ఇంకో ప్రశ్న వేశారు. "ఈ లెక్క గురించి పత్రికల్లో ముందుగా ప్రకటన వేశారా? అభ్యంతరాలు అడిగారా?" అన్నారు.

చూస్తే ప్రకటన సరిగా వెయ్యలేదు. ఆ ఏడాది చివరికి మండలి తన ఆర్డరును తానే వెనక్కి తీసుకుంది. అప్పటికి వసూలు చేసిన డబ్బును తర్వాతి బిల్లుల్లో తగ్గించమంది. మళ్ళీ ప్రకటన వేసి, మళ్ళీ విచారణ జరిపింది. తర్వాత తక్కువ మొత్తానికి కొత్త ఆర్డరు ఇచ్చింది. 2022 ఆగస్టు నుంచి మూడేళ్ళ పాటు కొంచెం కొంచెంగా కట్టమంది. ఈసారి మొవ్వ వైపు యూనిట్‌కు పడింది పాతిక పైసల లోపే.

1 రూపాయి 23 పైసలు ఎక్కడ? పాతిక పైసలు ఎక్కడ? ఒక్క ప్రశ్నకు అంత బలం ఉంది.

ముందు వసూలు, తర్వాత లెక్క

కథ అక్కడితో అయిపోలేదు.

2023లో నియమం మారింది. సర్దుబాటు కింద యూనిట్‌కు 40 పైసల దాకా డిస్కం నెలనెలా వేసుకోవచ్చు. ముందుగా మండలిని అడగనక్కర్లేదు. ఏడాది తిరిగాక మండలి లెక్క చూస్తుంది.

అంటే వరస తిరగబడింది. ఇంతకుముందు అడిగి వసూలు చెయ్యాలి. ఇప్పుడు వసూలు చేసి అడగవచ్చు.

ఇల్లాలి బిల్లులో ఆ 40 పైసలున్నాయి. 80 యూనిట్లకు 32 రూపాయలు.

ఇంకా పాత ఏళ్ళ లెక్కలు ఉన్నాయి. 2022-23 సంవత్సరానికి 6,072 కోట్ల రూపాయల సర్దుబాటుకు మండలి 2024లో ఒప్పుకుంది. 2023-24 సంవత్సరానికి 9,412 కోట్లకు 2024 నవంబరులో ఒప్పుకుంది. రెండూ కలిపితే 15 వేల కోట్లు దాటాయి. ఈ రెండో లెక్కకు యూనిట్‌కు సుమారు 92 పైసలు పడుతుందన్నారు. రెండేళ్ళ పాటు వసూలు చెయ్యమన్నారు. 80 యూనిట్లకు వేసి చూడండి. 73 రూపాయల 60 పైసలు.

32 రూపాయలు, 73 రూపాయల 60 పైసలు కలపండి. 105 రూపాయల 60 పైసలు. ఇల్లాలి కరెంటు వెల 214 రూపాయల 50 పైసలు. అందులో దాదాపు సగం సర్దుబాటు! 2022-23 లెక్క ఇందులో ఇంకా కలపలేదు.

ఇంటి ఖర్చులో నెలకు వంద రూపాయలంటే మాటలు కాదు. పిల్లల పాలు, పుస్తకాలు, మామగారి మందుబిళ్ళలు అన్నీ అందులోంచే రావాలి.

తిరిగొచ్చిన డబ్బు

ఏడాది తిరిగాక లెక్క చూడటం వల్ల ఏం జరుగుతుంది? 2025లో జరిగింది చూడండి.

2024-25 సంవత్సరంలో డిస్కంలు నెలనెలా 40 పైసల చొప్పున వసూలు చేశాయి. మొత్తం సుమారు 2,787 కోట్ల రూపాయలు వచ్చాయి. మండలి లెక్క తీసింది. న్యాయంగా రావలసింది 1,863 కోట్ల చిల్లరేనని తేల్చింది. మిగిలిన 923 కోట్ల పైచిలుకు జనానికి తిరిగి ఇమ్మంది. 2025 నవంబరు నుంచి ఏడాది పాటు బిల్లుల్లో యూనిట్‌కు 13 పైసలు తగ్గించాలంది. దీన్ని ట్రూ డౌన్ అన్నారు.

13 పైసలు చిన్నదే. 80 యూనిట్లకు 10 రూపాయల 40 పైసలు. కానీ దాని వెనక ఒక పెద్ద మాట ఉంది. జనం దగ్గర అవసరానికి మించి వసూలైంది. లెక్క తీస్తేనే అది తెలిసింది. తియ్యకపోతే ఆ డబ్బు రాదు.

మొవ్వ పక్కనే కూచిపూడి ఉంది. కూచిపూడి ఆటలో ప్రతి అడుగుకూ లెక్క ఉంటుంది. తాళం తప్పితే చూసేవాళ్ళకు తెలిసిపోతుంది. బిల్లులో కూడా ప్రతి పైసాకూ లెక్క ఉండాలి. ప్రతి పైసాకూ పేరుండాలి. ఆ పేరు తెలుగులో ఉండాలి. ఇది ఏ ఏడాది ఖర్చు? ఏ ఆర్డరు ప్రకారం? ఇంకా ఎన్ని నెలలు కట్టాలి? ఈ మూడూ బిల్లు మీదే ఉంటే ఎవరూ ఎవరినీ అనుమానించనక్కర్లేదు.

అడగడానికి రెండు తలుపులు

బిల్లు మీద అనుమానం రెండు రకాలు. రెండిటికీ వేరు వేరు తలుపులున్నాయి. ఏ తలుపు తట్టాలో తెలియాలి.

మొదటి రకం, లెక్క తప్పు. రీడింగు తప్పు పడవచ్చు. మీటరు పరుగెత్తవచ్చు. కట్టిన డబ్బు బాకీగా చూపవచ్చు. అప్పుడు ముందు 1912 నెంబరుకు ఫోను చెయ్యండి. లేదా కరెంటాఫీసుకు వెళ్ళండి. కాగితం మీద రాసి ఇవ్వండి. ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. అక్కడ పని జరగకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది. మధ్య డిస్కం వేదిక విజయవాడలో ఉంది. తెల్లకాగితం మీద రాసి పంపవచ్చు. వకీలు అక్కర్లేదు. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

రెండో రకం, లెక్క సరిగానే ఉంది, కానీ ఆ ఛార్జీయే ఎక్కువ. దీన్ని లైన్‌మ్యాన్‌ని అడిగి లాభం లేదు. ఆయన మీద కోప్పడవద్దు. ఆ ఛార్జీ ఆయన వేసింది కాదు. దానికి తలుపు మండలి. డిస్కం లెక్క పెట్టినప్పుడు పత్రికల్లో ప్రకటన వస్తుంది. అభ్యంతరాలు పంపడానికి గడువు ఇస్తారు. ఆ గడువులోగా ఉత్తరం రాయాలి. ఒక్కరు రాయవచ్చు. సంఘమంతా కలిసి సంతకాలు పెట్టీ రాయవచ్చు.

ఇంకో రెండు మాటలు గుర్తుంచుకోండి. బిల్లు కట్టలేదని చెప్పాపెట్టకుండా కరెంటు తీసెయ్యకూడదు. కనీసం 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. బిల్లు మీద తగాదా ఉంటే ఇంకో వీలుంది. అడిగిన మొత్తం గానీ, వెనకటి ఆరు నెలల సగటు గానీ, ఏది తక్కువైతే అది కట్టవచ్చు. "అభ్యంతరంతో కడుతున్నాం" అని రాసి కట్టాలి. తగాదా తేలేదాకా కరెంటు తియ్యకూడదు. 2003 చట్టంలోనే ఈ మాటలున్నాయి.

అంతేగానీ కోపం కొద్దీ బిల్లు కట్టడం మానెయ్యకండి. బాకీ పెరుగుతుంది. ఆలస్య రుసుము పడుతుంది. నష్టం మీకే.

మళ్ళీ ఇల్లాలి దగ్గరకు

మొవ్వ ఇల్లాలు ఆ బిల్లు కట్టింది. గడువులోనే కట్టింది. కానీ పటం వెనక దోపలేదు. పొదుపు సంఘం మీటింగుకు పట్టుకెళ్ళింది. "మీ బిల్లులు కూడా తీసుకురండి" అంది. పదిమందీ తెచ్చారు. ఒకదాని పక్కన ఒకటి పెట్టారు. ఒకరు చదివారు. ఒకరు లెక్క వేశారు. ఒకామె బిల్లులో కట్టేసిన బాకీ మళ్ళీ పడింది. అది అక్కడే దొరికింది. మర్నాడు ఇద్దరు తోడుగా వెళ్ళి కరెంటాఫీసులో కాగితం ఇచ్చి వచ్చారు.

సర్‌ఛార్జీ ఆ రోజుతో తగ్గలేదు. కానీ అది ఏమిటో పదిమందికీ తెలిసింది. మండలి ప్రకటన ఎప్పుడు వస్తుందో చూడమని పేపరు చదివే ఒక పిల్లకు అప్పజెప్పారు. వస్తే అందరూ కలిసి ఉత్తరం రాయాలనుకున్నారు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చిన ఆడవాళ్ళు సారా గురించి ప్రశ్న వేశారు. 1993లో రాష్ట్రంలో సారా ఆగింది. వాళ్ళూ మీలాగే రాత్రి బడిలో అక్షరాలు దిద్దినవాళ్ళే.

ఈ నెల బిల్లు వస్తే చదవండి. పైనుంచి కిందిదాకా చదవండి. పేరు లేని పైసా కనిపిస్తే అడగండి.

కరెంటాఫీసుకు ఇలా రాయండి

అయ్యా,
మా సర్వీసు నెంబరు ............. ఈ నెల బిల్లులో ............. అనే పేరుతో ............. రూపాయలు వేశారు. ఇది ఏ సంవత్సరానిది? ఏ ఆర్డరు ప్రకారం వేశారు? ఇంకా ఎన్ని నెలలు కట్టాలి? దయచేసి తెలుగులో రాసి తెలియజేయండి.
ఇట్లు, సంతకం, ఊరు, తేదీ.

కలిసి మాట్లాడుకోండి

1. మీ బిల్లులో కరెంటు వెల ఎంత? సర్దుబాటు ఎంత? పలక మీద వేసి చూడండి.
2. రీడింగు తప్పయితే ఎవరిని అడగాలి? ఛార్జీ ఎక్కువైతే ఎవరికి రాయాలి?
3. 2021లో మండలి తన ఆర్డరును ఎందుకు వెనక్కి తీసుకుంది?
4. మీ సంఘంలో ఎవరి బిల్లు ఎవరు చదువుతారు? ఈ నెలే మొదలుపెట్టండి.